నట్టల మందు వేస్తూనే ఉన్నాం, పాలెందుకు తగ్గాయి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పీర్జాదిగూడ. కొట్టంలో ఐదు హెచ్.ఎఫ్. సంకర ఆవులు, మూడు ముర్రా బర్రెలు ఉన్నాయి. బయటికి మేతకు తోలం, అన్నీ కట్టేసి పెంచేవే. రోజూ ఆటోలో మూసీ ఒడ్డు పారా గడ్డి వస్తుంది. దానికి తోడు వరిగడ్డి, దాణా, బీరు పొట్టు పెడతాం. ఆరు నెలలకోసారి ఒక్కో పశువుకు ఒకటిన్నర గ్రాముల ఆల్బెండజోల్ బిళ్ళ ఒకటి వేస్తున్నాం. అయినా నెల రోజులుగా రెండు ఆవులు నీళ్లలా పారుతున్నాయి, పేడ ఒకటే కంపు. ఒకదానికి దవడ కింద సంచిలా వాపు దిగింది, 12 లీటర్లిచ్చేది 8కి వచ్చింది. రెండోది రెండు నెలల చూడిది. మందుల షాపులో ఐవర్‌మెక్టిన్ సూది వేయించమన్నారు. పోయిన ఏడాది రెండు దుడ్డెలు మూడు వారాల వయసులో తెల్లగా పారి చనిపోయాయి. ఈనకముందే తల్లులకు మందు వేశాం, అయినా ఎందుకు పోయాయి? పాలు పక్క అపార్ట్‌మెంట్లకు పోస్తాం. బర్రెలు బాగానే ఉన్నాయి, వాటికీ మందు వేయాలా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో జవాబు సగం మీరే రాశారు. ఆ సగం పారా గడ్డి అన్న మాటలో ఉంది. మిగతా సగం "ఒక్కో పశువుకు ఒక బిళ్ళ" అన్న చోట ఉంది.

ముందు బిళ్ళ లెక్క చూద్దాం. ఆల్బెండజోల్ గుండ్రటి పురుగుల మీద పనిచేయాలంటే కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు పడాలి. కార్జపు జలగల (కార్జంలో చేరే చదునైన నట్టల) మీదైతే కనీసం 10. మీ బర్రె 500 కిలోలుంటే ఒకటిన్నర గ్రాముల బిళ్ళతో దానికి అందేది కిలోకు 3 మిల్లీగ్రాములే. 400 కిలోల ఆవుకూ నాలుగు దాటదు. ఆ మోతాదుకు బలహీనమైన పురుగులు చస్తాయి, మొండివి మిగిలి గుడ్లు పెడతాయి. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కొట్టంలో మందుకు లొంగని నట్టలే మిగులుతాయి. షాపులో వేరే పేరున్న బిళ్ళ తెచ్చినా లాభం ఉండకపోవచ్చు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒకే కుటుంబం మందులు. అట్ట మీద పేరు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు, చిన్నక్షరాల్లో రాసిన అసలు మందు పేరు చదవండి.

అయితే మీ ఆవుల విషయంలో మోతాదు సరిగ్గా వేసినా ఈ పారుడు ఆగేది కాదేమో. ఎందుకో చెబుతాను.

కట్టేసి పెంచే పశువుకు నట్టలెలా వస్తాయని చాలామంది అడుగుతారు. పశువు మేతకు పోకపోయినా బీడే ఆటో ఎక్కి కొట్టానికి వస్తోంది కదా. మామూలు గుండ్రటి పురుగుల పిల్లలు పేడలోంచి గడ్డి పరకలెక్కుతాయి, అవి మేతకు తిరిగే పశువులకు, అందులోనూ లేత వయసు వాటికి ఎక్కువ హాని చేస్తాయి. రెండేళ్లు దాటిన ఆవుకు వాటిని తట్టుకునే శక్తి చాలావరకు వచ్చేస్తుంది. జలగల దగ్గర ఆ శక్తి సరిగా రాదు, ముదురు ఆవుకూ పడతాయి. వాటికి కావలసింది నిలవ నీరు, నత్తలు, ఆ నీళ్లలో తడిసిన గడ్డి. పారా గడ్డి నీళ్లలో కాళ్లు పెట్టి పెరిగే గడ్డి. పేడతో పడిన జలగ గుడ్డు నీళ్లలో పగిలి, అందులోంచి వచ్చిన పిల్ల నత్తలోకి దూరుతుంది. కొన్ని వారాల తర్వాత ఒక్కటి వందలుగా మారి బయటికొచ్చి, గడ్డి కాడకు అంటుకుని తిత్తి కట్టుకుంటుంది. కంటికి ఆనీ ఆననంత చుక్క అది. ఆ కాడ మీ ఆవు నోట్లోకి పోతుంది.

వాన మీద ఆధారపడ్డ ఊళ్లలో నత్తలు జూన్ తర్వాత పెరిగి, చెరువులు ఎండేసరికి తగ్గుతాయి. మూసీ వెంట ఆ విరామం లేదు. నగరం మురుగు ఏప్రిల్ మేల్లోనూ పారుతూనే ఉంటుంది కాబట్టి గడ్డి ఎండదు, నత్తా చావదు. అందుకే "వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి" అన్న పాత లెక్క మీ కొట్టానికి సరిపోదు.

ఈ గడ్డితో వచ్చే జలగల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. కార్జపు జలగ కార్జంలోకి చేరి నెత్తురు తాగుతుంది. ఒక్కో జలగ వల్ల రోజుకు 0.2 నుంచి 0.5 మిల్లీలీటర్ల దాకా నెత్తురు పోతుందంటారు. వంద జలగలుంటే రోజూ చిన్న గ్లాసులో అడుగు నిండేంత. నెత్తురులోని మాంసకృత్తులు తగ్గి నీరు కిందికి దిగుతుంది, దవడ కింద సంచి అదే. పశువు మెల్లగా చిక్కిపోతుంది, కళ్ల లోపలి పొర పాలిపోతుంది, పాలు తగ్గుతాయి. ఒకసారి పేడ గట్టిగా, ఒకసారి పలచగా వస్తుంది.

రెండోది పొట్ట జలగ. పెద్దవైన జలగలు పెద్దపొట్ట గోడకు ఎర్రటి దానిమ్మ గింజల్లా పట్టుకుని ఉంటాయి, వాటితో పెద్ద ఇబ్బంది లేదు. హాని చేసేవి వాటి పిల్లలు. తిత్తి పగిలి బయటికొచ్చిన పిల్ల జలగలు పెద్దపొట్టకు చేరేముందు దాదాపు ఆరు వారాలు చిన్నపేగు మొదట్లో గోడను కొరుక్కుంటూ పెరుగుతాయి. వేలల్లో పడితే పేగు పుండై, పిచికారీ కొట్టినట్టు నీళ్ల పారుడు, ముక్కు మూసుకోవలసినంత కంపు, దవడ కింద నీరు. మీరు రాసిన లక్షణాలు కార్జపు జలగకంటే దీనికే దగ్గరగా ఉన్నాయి. రెండూ కలిసి ఉండటమూ మామూలే.

ఇక్కడ ఒక తిరకాసుంది. పిల్ల జలగలు గుడ్లు పెట్టవు. ఆవు ప్రాణం మీదికి వచ్చినా పేడ పరీక్షలో "గుడ్లు లేవు" అనే వస్తుంది. ఆ కాగితం చూసి నట్టల్లేవనుకుంటే పొరపాటు. కాబట్టి పరీక్షతో పాటు కొట్టంలో మీరే ఈ పని చేయండి. పారే ఆవు పేడ దోసెడు తీసి బకెట్‌లో నీళ్లు పోసి బాగా కలపండి. పది నిమిషాలు కదపకుండా ఉంచి పైనీళ్లు ఒంపేయండి. మళ్లీ నీళ్లు పోసి, నిలవనిచ్చి ఒంపండి. ఇలా నాలుగైదుసార్లు చేసి, నీరు తేటపడ్డాక అడుగున మిగిలింది నల్లటి పళ్లెంలో పోసి వెలుతురులో చూడండి. లేత గులాబీ రంగులో నువ్వు గింజంత, అంతకన్నా చిన్న గింజలు కనిపిస్తే అవి పిల్ల జలగలు. కనిపించకపోయినంత మాత్రాన లేవని కాదు, కనిపిస్తే మాత్రం అనుమానం తీరినట్టే.

పరీక్షకు పేడ పంపేటప్పుడు నేల మీద పడింది ఎత్తొద్దు. చేతికి గ్లవ్ తొడుక్కుని పశువు లోపలి నుంచి 20 గ్రాములు తీయండి. అది నిమ్మకాయంత ఉంటుంది. మూత గట్టిగా ఉండే చిన్న డబ్బాలో, పైన గాలి మిగలకుండా నింపి, ఆవు గుర్తు, తేదీ, చివరి మందు ఎప్పుడు వేశారో రాసి అంటించండి. అదే రోజు ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఎనిమిదింటినీ కలిపి ఒకే డబ్బాలో వేయకండి, జబ్బు పడిన రెంటినీ విడిగా పంపండి. ల్యాబ్‌లో ఒక్క మాట తప్పకుండా చెప్పండి: "జలగ గుడ్లకు అడుగుకు దించే పరీక్ష కూడా చేయండి." మామూలుగా చేసేది ఉప్పు నీళ్లలో గుడ్లు తేలించే పరీక్ష. ఏలిక పాముల గుడ్లు అందులో తేలతాయి, జలగ గుడ్లు బరువైనవి, అడుగునే ఉండిపోతాయి. తేలించే పరీక్ష ఒక్కటే చేసి "నిల్" అని రాస్తే జలగల సంగతి తెలియనట్టే. మీ దగ్గరి పశువైద్యశాలలో సూక్ష్మదర్శిని లేకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉంది, శాంతినగర్‌లో వెటర్నరీ బయలాజికల్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆవు నిలబడలేని స్థితికొస్తే 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మందు దగ్గరికి వద్దాం. తూకం లేని చోట టేపే తూకం. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపు పెట్టి అంగుళాల్లో కొలవండి. తర్వాత భుజం ముందు ఎముక నుంచి తోక పక్కన పిర్ర ఎముక దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 70, పొడవు 56 ఉన్న ఆవు దగ్గర దగ్గర 416 కిలోలు. కంటి అంచనాతో అందరూ తక్కువే చెబుతారు, బర్రె విషయంలో మరీను.

పొట్ట జలగ పిల్లలకు నమ్మదగిన మందు ఆక్సిక్లోజనైడ్. కిలోకు 18.7 మిల్లీగ్రాముల చొప్పున ఒకసారి, మూడు రోజుల తర్వాత అంతే మోతాదు మరోసారి. 416 కిలోల ఆవుకు ఒక్కో మోతాదుకు 7.8 గ్రాములు, అంటే ఒక గ్రాము బిళ్ళలు ఎనిమిది. ఒక్క మోతాదుతో ఆపితే పేగులో మిగిలినవి మళ్లీ పుంజుకుంటాయి. కార్జపు జలగలు మాత్రమే తేలితే కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒకసారి చాలు, కానీ అది పెద్ద జలగలనే చంపుతుంది, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ వేయవలసి వస్తుంది. ఎక్కువ మోతాదు వేశాక ఒకటి రెండు రోజులు పేడ ఇంకా పలచబడటం, మేత తగ్గటం ఉంటుంది, కంగారు పడొద్దు. పారుడుతో నీరసించిన ఆవుకు ఆ మోతాదు తట్టుకునే శక్తి ఉందో లేదో డాక్టరు చూసి చెప్పాలి. నీరు బాగా పోయి ఉంటే ముందు సెలైన్, తర్వాత మందు. చూడి ఆవుకు ఆక్సిక్లోజనైడ్ వేయొచ్చు. రెండు నెలల చూడికి ఆల్బెండజోల్ మాత్రం వద్దే వద్దు. చూలు తొలి దశలో అది పిండానికి హాని చేస్తుంది, లేబుల్ మీదా ఆ హెచ్చరిక ఉంటుంది. ఎద ఎప్పుడొచ్చిందో, చూలు కట్టే సూది ఎప్పుడు వేయించారో రాసుకోని కొట్టాల్లో ఇక్కడే దెబ్బ తింటారు. చూడి సంగతి తెలియకుండా ఆవుకు ఆల్బెండజోల్ వేస్తే, తర్వాత మళ్లీ ఎదకు వచ్చిందని సూది వేసినవాణ్ణి తిడతారు.

బజార్లో ఆక్సిక్లోజనైడ్, లెవమిసోల్ కలిపిన మందులు ఎక్కువ. గుండ్రటి పురుగులు కూడా పోతాయి కాబట్టి పనికొస్తాయి. కానీ పొట్ట జలగ కోసం మోతాదు పెంచినప్పుడు లెవమిసోల్ కూడా పెరుగుతుంది, దాని హద్దు ఇరుకు. నోట చొల్లు కారటం, వణుకు రావటం దాని లక్షణం. పెంచిన మోతాదుకు ఒంటి ఆక్సిక్లోజనైడ్ అడిగి తీసుకోండి.

తాపే తీరు చాలామందికి తెలుసనే అనుకుంటారు, అయినా ఏటా మందు ఊపిరితిత్తుల్లోకి పోయి పశువులు చస్తూనే ఉన్నాయి. తల పైకి ఎత్తి పట్టొద్దు. మూతి కంటి మట్టానికి మించి లేవకూడదు. నాలుక బయటికి లాగొద్దు. నోటి పక్కన పళ్లు లేని సందులోంచి గొట్టం పెట్టి కొంచెం కొంచెంగా పోస్తూ, మింగిందని చూశాకే మళ్లీ పోయండి. పొలమారి దగ్గితే వెంటనే తల వదిలేయండి. ద్రవ మందు సీసా అడుగున పేరుకుంటుంది, ప్రతి పశువుకూ ముందు ఊపాలి. లేకపోతే మొదటి ఆవుకు నీళ్లు, చివరి ఆవుకు మందు ముద్ద. బిళ్ళలు నలిపి బెల్లంలో పెట్టి దాణాలో కలిపితే సగం గాటి అంచులకే అంటుకుంటుంది.

ఐవర్‌మెక్టిన్ మాట. మీకిది రెండు రకాలుగా పనికిరాదు. జలగల మీద అది అసలు పనిచేయదు. పైగా పాలిచ్చే పశువుకు వేస్తే వారాల తరబడి పాలల్లోకి దిగుతుంది, అందుకే పాలిచ్చేవాటికి దాన్ని వాడకూడదు. పిడుదులకు, గజ్జికి మంచిదన్న పేరుతో షాపువాళ్లు అన్నిటికీ అదే చెబుతున్నారు. ఆల్బెండజోల్‌తో కలిపిన బిళ్ళల్లోనూ అది ఉంటుంది, చదివి కొనండి. పిల్ల కార్జపు జలగల్ని కూడా చంపే ట్రైక్లాబెండజోల్ కూడా పాలిచ్చేవాటికి వద్దు. అవసరమైతే ఆవు వట్టిపోయినప్పుడు, ఈనడానికి కనీసం 50 రోజుల ముందు డాక్టరు సలహాతో. అది పొట్ట జలగల మీద పనిచేయదన్నది గుర్తుంచుకోండి.

ఆక్సిక్లోజనైడ్ వేసినప్పుడు కూడా పాలు మూడు రోజులు అమ్మకండి. రెండో మోతాదు వేసిన రోజు నుంచి మళ్లీ మూడు రోజులు లెక్క పెట్టండి. మీ దగ్గరున్న మందు లేబుల్ అంతకన్నా ఎక్కువ రోజులు చెబితే ఆ లెక్కే పాటించండి. పాలు కాచితే మందు పోతుందన్నది వట్టి మాట, కాగినా ఉంటుంది. ఆరు రోజులు 8 లీటర్లంటే 48 లీటర్ల నష్టం, నిజమే. అందుకే రెండు ఆవులకూ ఒకేసారి కాకుండా వారం తేడాతో వేయటం ఒక ఉపాయం. కానీ దవడ కింద నీరు దిగినదాన్ని ఆపొద్దు, దానికి ముందు.

వారం పది రోజుల్లో పారుడు తగ్గకపోతే ఇంకో నట్టల మందు వెతకొద్దు, జబ్బు వేరేది కావచ్చు. ముదురు సంకర ఆవుల్లో నెలల తరబడి ఆగని పారుడు, తిండి బాగానే తింటూ చిక్కిపోవటం, దవడ వాపు ఉంటే జోన్స్ వ్యాధి కావచ్చు. అది నట్టల మందుకు లొంగదు, రక్త పరీక్ష చేయించాలి. వాపు దవడ కన్నా ముందురొమ్ము దగ్గర ఎక్కువగా ఉండి, మెడ నరం ఉబ్బి, ఆవు మోచేతులు బయటికి పెట్టి నిలబడితే తీగ ముక్కో మేకో గుండెను గుచ్చి ఉండొచ్చు. హోటల్ వ్యర్థాలు మేపే కొట్టాల్లో ఇది అరుదేమీ కాదు. జ్వరం, గ్రంథుల వాపు, నెత్తురు తగ్గటం, ఒంటి మీద పిడుదులు ఉంటే అది పిడుదులతో వచ్చే థైలీరియా జబ్బు కావచ్చు. మీరు బీరు పొట్టు ఎంత పెడుతున్నారో రాయలేదు. అది, దాణా పెంచి ఎండుగడ్డి తగ్గిస్తే పొట్ట పులిసి పుల్లని వాసనతో పేడ పలచబడుతుంది. ఆ పారుడుకు ఏ బిళ్ళా పనికిరాదు, వరిగడ్డి పెంచాలి.

ఇప్పుడు దుడ్డెల సంగతి. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే, ఎందుకంటే ఇది తప్పించగలిగిన నష్టం. తెల్లగా, బంకమట్టిలా పారి మూడు వారాలకు పోయాయంటే మొదట అనుమానించవలసింది ఏలిక పామును. దూడ పేగులో పెరిగి 30 సెంటీమీటర్ల దాకా సాగే పురుగు అది. ఇది గడ్డితో రాదు. తల్లి ఎప్పుడో మింగిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు దాని కండల్లో, అవయవాల్లో నిద్రపోతూ ఉంటాయి. ఈనే సమయానికి లేచి పొదుగులోకి చేరి, జున్నుపాలు, తొలి రోజుల పాలతో దూడ కడుపులోకి దిగుతాయి. తల్లి ఒంట్లో నిద్రపోయే ఆ పిల్లల్ని మీరు వేసిన మందు చంపలేదు. తల్లికి ముందే వేసినా దుడ్డె పోవటానికి కారణం అదే. జున్నుపాలు ఆపాలా అంటే వద్దు, ఆపితే దూడ వేరే జబ్బుతో ముందే పోతుంది.

చేయవలసింది దూడకే. ఏలిక పాము మూడు వారాలకు పెద్దదై గుడ్లు పెట్టటం మొదలెడుతుంది, కాబట్టి దానికి ముందే, పుట్టిన 10 నుంచి 16 రోజుల మధ్య మందు పడాలి. ఈ వయసులో పైరాంటెల్ దూడకు 250 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇస్తే లేత పురుగులు కూడా పోతాయి. లెవమిసోల్ అయితే కిలోకు 7.5 మిల్లీగ్రాములు, దూడను తూచాకే. ఎక్కువమంది దగ్గర దొరికేది పిపరజైన్. కిలోకు 200 మిల్లీగ్రాముల లెక్కన 30 కిలోల దూడకు 6 గ్రాములు. అది ఎదిగిన పురుగు మీద బాగా, లేత పురుగు మీద తక్కువగా పనిచేస్తుంది, కాబట్టి పిపరజైన్ వేస్తే నాలుగో వారంలో రెండోసారి తప్పదు. ఆ తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, ఏడాది దాకా మూడు నెలలకోసారి. ఈనిన రోజే గోడ మీద సుద్దతో "10వ రోజు" తేదీ రాసి పెట్టండి. పొట్ట ఉబ్బి, బొచ్చు రేగి, నోట పుల్లని వాసన వచ్చేదాకా ఆగితే పేగు నిండా పురుగులుంటాయి. అప్పుడు గట్టి మందు వేస్తే చచ్చిన పురుగుల ముద్ద పేగుకు అడ్డుపడి దూడ పోయే ప్రమాదం ఉంది. ఒక దూడ వదిలిన గుడ్లు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి, ఫినాయిల్‌కు చావవు. దూడల మూల రోజూ గీకి తీసి, గచ్చుకు ఎండ తగిలేలా చేయటమే దారి.

మూడు వారాలు దాటిన దూడ నెత్తురు, జిగురు కలిపి ముక్కుతూ పేడ వేస్తుంటే అది ఏలిక పాము కాదు, కాక్సీడియా అనే కంటికి కనిపించని పేగు క్రిమి. దానికి నట్టల మందు వేస్తూ రోజులు పోగొట్టొద్దు. ఆంప్రోలియం కిలోకు 10 మిల్లీగ్రాములు ఐదు రోజులు, కింద పొడి పడక. ఏ పారుడైనా నీరు పోకుండా చూడాలి. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 40 గ్రాముల గ్లూకోజ్, 8 గ్రాముల ఉప్పు, 8 గ్రాముల వంటసోడా కలిపి, పాలు తాగిన రెండు గంటల తర్వాత తాపండి. పాలు మాన్పించొద్దు. పారే దూడను ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త. దూడ పేడలోని కొన్ని క్రిములు మనుషులకూ పట్టుకుంటాయి.

గడ్డి మానేయమంటే మీకు కష్టమని తెలుసు. నగరంలో ఏడాది పొడవునా అంత చౌకగా దొరికే పచ్చిమేత ఇంకోటి లేదు. కడిగితే తిత్తులు పోవు, అవి కాడకు గట్టిగా అంటుకుంటాయి. కోసేవాళ్లతో మాట్లాడి, నీటి మట్టానికి ఒక అడుగు పైన కోయించండి. తిత్తులు ఎక్కువగా కాడ అడుగున, నీళ్లు తగిలే చోటే ఉంటాయి. మోపు బరువు తగ్గుతుందని వాళ్లు ఒప్పుకోరు, రేటు కొంచెం పెంచైనా ఒప్పించండి. ఒక్క పూట ఆరబెడితే చాలదు, మూడు నాలుగు రోజులు గలగలలాడేలా ఎండాలి. వానల్లో అది కుదరదు కాబట్టి అప్పుడు పారా గడ్డి సగానికి తగ్గించి, ఎండు జొన్న చొప్ప, మొక్కజొన్న పాతర మేత కొనుక్కోవటం నయం. ఘట్‌కేసర్ వైపు బోరు నీళ్లతో సూపర్ నేపియర్ వేసే రైతు దొరికితే దూడలకూ, చూడి ఆవులకూ ఆ గడ్డి కేటాయించండి. మురుగునీటి గడ్డిలో భారలోహాల బెడద వేరే ఉంది, అది ఏ మందుతోనూ తీరదు. ఇంకో సంగతి: కొట్టం కడిగిన నీళ్లు, పచ్చి పేడ తిరిగి ఆ గడ్డి మడుల్లోకే పోతే జలగ గుడ్లు నత్తల దగ్గరికే చేరతాయి. పేడ గుంతలో కుప్ప వేసి, లోపల చేయి పెట్టలేనంత వేడెక్కనిస్తే గుడ్లు చస్తాయి.

మందు వేశాక ఆవులకు పల్లీ చెక్కో పత్తి చెక్కో పెంచి, రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం ఇవ్వండి. దవడ వాపు దిగటానికి ఒకటి రెండు వారాలు, పాలు పెరగటానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పేడ మళ్లీ పరీక్షించేది జలగలకైతే మూడు నాలుగు వారాల తర్వాత. అంతకుముందు చూస్తే చచ్చిన జలగల పాత గుడ్లు పిత్తాశయం నుంచి ఇంకా దిగుతూ మందు పనిచేయలేదనిపిస్తాయి. గుండ్రటి పురుగులకైతే 10 నుంచి 14 రోజులకు చూడండి. అప్పటికి గుడ్ల లెక్క 95 శాతం పడిపోకపోతే ఆ మందు కుటుంబం మీ కొట్టంలో పనిచేయటం మానేసిందనే అర్థం. ఇకమీదట పేడ పరీక్ష మేలో, సెప్టెంబరు చివర, జనవరిలో పెట్టుకోండి, మందు దాని ఫలితాన్ని బట్టి.

బర్రెలు బాగానే ఉన్నాయన్నారు. పైకి అలాగే కనిపిస్తాయి. పెద్దపొట్టలో వందల జలగలున్నా పాలిస్తూ, రోజూ గుడ్లు వదులుతూ ఉండగలవు. కాబట్టి ఆ మూడింటి పేడ కూడా పంపండి, మూడు డబ్బాల్లో. గుడ్లు కనిపించిన బర్రెకే తూకం చూసి మందు వేయండి, లేని దానికి వేసి డబ్బూ పాలూ పోగొట్టుకోవద్దు.